అనంతపురం బోర్లకు మొబైల్ స్టార్టర్: ఏది కొనాలి, ఎలా బిగించుకోవాలి

తోట నార్పల దగ్గర, మనిషి అనంతపురంలో. ఫోన్ కొడితే మోటారు ఆడుతుంది, మళ్లీ కొడితే ఆగుతుంది. షాపుల్లో మొబైల్ స్టార్టర్‌ను ఈ ఒక్క మాట మీదే అమ్ముతారు. అది నిజమే, రాత్రిపూట పాముల భయంతో, తడి చేతులతో స్టార్టర్ దగ్గరికి పోయే బాధ తప్పడం చిన్న విషయమేం కాదు. అయితే పెట్టిన డబ్బు తిరిగొచ్చేది మోటారును తనంతట తాను ఆపగలిగే పెట్టెతోనే. కొనేటప్పుడు మొదట అడగాల్సింది అదే: ఇది మోటారును ఏయే సందర్భాల్లో ఆపుతుంది?

మన జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఎండాకాలం వచ్చేసరికి చాలా బోర్లు కాసేపు నిండుగా పోసి, తర్వాత గాలి కొడతాయి. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లగా ఉంచేది దాని చుట్టూ ఉన్న నీళ్లే. నీళ్లు దిగిపోయాక కూడా ఆడితే బుష్‌లు అరుగుతాయి, వైండింగ్ కాలుతుంది. రివైండింగ్ ఖర్చు ఒక్కటే అయితే ఫర్వాలేదు. వందల అడుగుల పైపు పైకి తీయించాలి, మళ్లీ దించాలి, ఆలోపు చీనీ చెట్లు వాడిపోతాయి. ఇంకో శత్రువు మూడు ఫేజుల్లో ఒకటి పోవడం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు తీగ కాలితే, మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు 1.73 రెట్ల దాకా పెరగొచ్చు. కరెంటు హద్దు దాటితే తెంపే ఓవర్‌లోడ్ రిలే సరిగా సెట్ చేసి ఉంటే ఆపుతుంది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని చివరిదాకా తిప్పేసిన స్టార్టర్లే ఎక్కువ.

మార్కెట్లో రెండు రకాలున్నాయి. పాత స్టార్టర్ పక్కన తగిలించే చిన్న పెట్టె ఒకటి, కాంటాక్టర్‌తో (మోటారుకు కరెంటు కలిపి, తెంపే స్విచ్) సహా అన్నీ కలిసిన ప్యానెల్ ఒకటి. పాత కాంటాక్టర్ బాగుంటే చిన్న పెట్టె చాలు. దాని పాయింట్లు కాలి గుంటలు పడి ఉంటే మాత్రం ముందు కాంటాక్టర్ మార్చండి. పాయింట్లు ఒకదానికొకటి అతుక్కుపోతే మీరు ఎన్నిసార్లు ఫోన్ చేసినా మోటారు ఆగదు, పైగా ఆగిందని మెసేజ్ కూడా రావచ్చు.

ఆంపియర్లు కొలవని పెట్టె ఎంత చవకైనా వద్దు. వోల్టేజీ మాత్రమే చూసే రకానికి ఫేజు ఉందో లేదో తెలుస్తుంది గానీ బోరులో నీళ్లున్నాయో లేదో తెలియదు. డ్రై రన్, అంటే నీళ్లు లేకుండా మోటారు ఆడటం పట్టాలంటే, మోటారుకు పోయే తీగ ఆంపియర్లు కొలిచే సీటీ అనే రింగులోంచి పోవాలి. షాపులోనే పెట్టె తెరిపించి ఆ రింగు చూడండి. రెండు ఫేజులకు రెండు రింగులుంటే మంచిది.

తర్వాత సిమ్. లోపలి మాడ్యూల్ 2జీదా 4జీదా అని అడగండి. జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు, కాబట్టి 2జీ పెట్టెలో ఆ సిమ్ పనిచేయదు. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు 4జీ తీసుకోవడమే మేలు. తోట దగ్గర ఏ కంపెనీ సిగ్నల్ బాగుందో స్టార్టర్ స్తంభం పక్కనే నిలబడి చూడాలి, ఊళ్లో కాదు. ఇనుప డబ్బా లోపల యాంటెనా పెడితే సిగ్నల్ చచ్చిపోతుంది, దాన్ని వైరుతో బయటికి తేవాలి. ‘మొబైల్ స్టార్టర్ చెడిపోయింది’ అని వచ్చే ఫిర్యాదుల్లో సిమ్ రీఛార్జ్ అయిపోయినవి చాలా ఉంటాయి. గడువు దాటితే కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ కాల్స్ కూడా ఆగిపోతాయి. డేటా అక్కర్లేదు, కాల్స్, ఎస్సెమ్మెస్ ఉన్న ఎక్కువ రోజుల ప్యాక్ చాలు.

బిగించేటప్పుడు స్టార్ట్ రిలే తీగలు పచ్చ బటన్‌కు ప్యారలల్‌గా, స్టాప్ రిలే తీగలు ఎర్ర బటన్‌తో సిరీస్‌లో రావాలి. ఈ రెండోది తప్పితే పెట్టె డ్రై రన్ గుర్తించినా కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటు తెగదు. బిగించాక ఎలక్ట్రీషియన్‌ను పంపేయకుండా అక్కడే రెండు పరీక్షలు చేయించండి. మోటారు ఆడుతుండగా ఫోన్‌తో ఆపి చూడాలి. తర్వాత మెయిన్ ఆపి, ఒక ఫ్యూజు తీసి, మళ్లీ మెయిన్ వేసి స్టార్ట్ కొట్టాలి. అప్పుడు మోటారు కదలకూడదు, ఫేజు లేదని మెసేజ్ రావాలి.

సెట్టింగుల్లో తొందరపడితే పెట్టె కొని లాభం లేదు. బోరు నిండుగా పోస్తుండగా, పది పదిహేను నిమిషాలు ఆడాక, టాంగ్ టెస్టర్‌తో (తీగను పట్టి కరెంటు కొలిచే మీటరు) మూడు ఫేజుల ఆంపియర్లు చూడాలి. ఉదాహరణకు 13 వచ్చిందనుకుంటే డ్రై రన్ 10 దగ్గర, ఓవర్‌లోడ్ 15 దగ్గర పెట్టొచ్చు. అంటే సుమారు 75-80 శాతం, 115 శాతం. చుట్టుపక్కల మోటార్లన్నీ ఆడుతూ వోల్టేజీ పడిపోయిన సమయంలో ఇంకోసారి కొలవండి, ఎందుకంటే అప్పుడు ఆంపియర్లు పెరుగుతాయి. ఆ పెరిగిన అంకె కూడా మోటారు ప్లేటు మీద రాసిన హద్దు దాటకూడదు. డ్రై రన్‌తో ఆగాక మళ్లీ స్టార్ట్ కావడానికి కనీసం ముప్పావుగంట గడువివ్వండి. పది నిమిషాలు పెడితే ఊరిన కాసిన్ని నీళ్లు లాగి మళ్లీ ఆగుతుంది. అలా రోజంతా వేసి ఆపడం మోటారుకు ఇంకా చేటు.

డ్రిప్ ఉన్నవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఫిల్టర్ మూసుకుపోయినా, గేటు వాల్వు తెరవకపోయినా పంపు లాగే నీళ్లు తగ్గుతాయి, ఆంపియర్లూ తగ్గుతాయి. పెట్టెకు రెండూ ఒకటే, డ్రై రన్ అని మెసేజ్ పంపుతుంది. బోరు పోయిందని గుండె బాదుకోకముందే ఫిల్టర్ కడిగి చూడండి.

ఆటో మోడ్ విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. ఒకే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఐదారు మోటార్లుండి, అన్నీ ఆటోలో ఉంటే, కరెంటు రాగానే అన్నీ ఒకేసారి లేస్తాయి. డైరెక్ట్ స్టార్టర్‌తో లేచే మోటారు మొదటి క్షణాల్లో మామూలు కరెంటుకు ఆరేడు రెట్లు లాగుతుంది. వోల్టేజీ కుంగి కాంటాక్టర్లు టకటకమంటాయి, ఫ్యూజులు పోతాయి, చివరికి ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. దానికి మందు పెట్టెలోనే ఉంది: స్టార్ట్ డిలే, అంటే కరెంటు వచ్చాక మోటారు లేచే ముందు ఇచ్చే గడువు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ రైతులంతా కూర్చొని ఒకరికి ఒక నిమిషం, ఇంకొకరికి రెండు, మరొకరికి మూడు అని పంచుకోవాలి. డిలే మార్చే వీలు లేని మోడల్ కొనకండి. లైను మీద భారం తగ్గించే కెపాసిటర్ కూడా మోటారుకు తగినది ఉండాలి, 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్, 7.5 హెచ్‌పీకి 3.

ప్రాణం మీదికి వచ్చేది వేరే ఉంది. తోటలో కూలి మనిషి జాయింటు విప్పుతుంటాడు, యజమాని టౌనులో కూర్చొని కాల్ కొడతాడు. ఆటో మోడ్ అయితే ఆ కాల్ కూడా అక్కర్లేదు. రిపేరుకు ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజు క్యారియర్లు తీసి, పని చేసే మనిషి తన జేబులో పెట్టుకోవాలి. ఫోన్‌లో ఆఫ్ చేశాం కదా అని వైరు ముట్టుకోకూడదు. ఎర్తింగ్ సరిగా లేకపోతే పిడుగులకు మొదట పోయేది ఈ పెట్టెలోని బోర్డే. ఎండ కొట్టే పడమటి వైపు బిగించొద్దు, వైర్లు దూరే రంధ్రాలు మూయాలి, లేకుంటే చీమలు, బల్లులు చేరతాయి.

ఈ పెట్టె పంపే మెసేజులను చెరపకండి. ఏ రోజు ఎంతసేపు ఆడి డ్రై రన్‌తో ఆగిందో వాటిలోనే ఉంటుంది. మూడు గంటలు ఆడే బోరు కొన్ని వారాల్లో రెండు గంటలకు దిగిందంటే, కొత్త మొక్కలు నాటాలా వద్దా అన్నది ఆ లెక్క చూసి తేల్చుకోవచ్చు. వ్యవసాయ కరెంటు 2004 నుంచి ఉచితం కాబట్టి బిల్లు ఈ హెచ్చరిక చేయదు. టైమర్ ఉంటే చెట్టుకు కావలసినంతసేపే పెట్టండి, కరెంటు ఉన్నంతసేపూ ఆడించొద్దు. ఇంట్లో కూర్చొని ఆడించడం అలవాటయ్యాక లీకయిన లేటరల్ (డ్రిప్ పైపు) ఎవరి కంటా పడదు. వారంలో ఒకటి రెండు సార్లయినా మోటారు ఆడుతుండగా సాళ్లలో తిరగాల్సిందే.

ధర ఐదు వేల లోపు నుంచి పది వేలు దాటేదాకా ఉంది. ఆంపియర్ల కొలత, 4జీ, డిలే, టైమర్, కరెంటు పోయినప్పుడు మెసేజ్ పంపేంత బ్యాటరీ, ఈ ఐదూ ఉన్న పెట్టెకు కొంచెం ఎక్కువైనా ఇవ్వొచ్చు. యాప్‌లో రంగుల బొమ్మలకు ఇవ్వక్కర్లేదు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, బోర్డు పోతే అనంతపురంలోనే మారుస్తారా, బయటికి పంపుతారా అడగండి. ఇల్లు తోటలోనే ఉండి, నీళ్లు తగ్గని బోరు ఉన్నవాళ్లకు ఫోన్ అవసరం లేదు. ఫేజు, డ్రై రన్ చూసే మామూలు ప్రివెంటర్ తక్కువ ధరకే దొరుకుతుంది, వాళ్లకు అది చాలు.