చేప ముల్లు బొమ్మతో ఆరేళ్లు

జీడిమెట్లలో ఒక చిన్న ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్‌లో క్వాలిటీ చూస్తాను. ఫిష్‌బోన్ డయాగ్రమ్‌ను ఆరేళ్లుగా వాడుతున్నాను. చేప తల దగ్గర సమస్య రాసి, వెన్నెముకకు అటూ ఇటూ ముళ్లు గీసి, వాటి మీద కారణాలు రాసుకుంటూ పోవాలి. టోక్యో యూనివర్సిటీ ప్రొఫెసర్ కౌరు ఇషికావా ప్రచారంలోకి తెచ్చారు కాబట్టి ఇషికావా డయాగ్రమ్ అని కూడా అంటారు. మా ముళ్లు ఆరు: మనిషి, మెషిన్, మెటీరియల్, పద్ధతి, కొలత, వాతావరణం.

మొదటి రెండేళ్లు తప్పుగా వాడాను. కస్టమర్ కంప్లైంట్ రాగానే ఆఫీసులో ఒక్కణ్నే కూర్చుని ఎక్సెల్‌లో నింపేసేవాణ్ని. మనిషి ముల్లు మీద ‘ఆపరేటర్ అజాగ్రత్త’, పరిష్కారం ‘ట్రైనింగ్ ఇచ్చాం’. ఆడిట్ గడిచిపోయేది. లోపం మళ్లీ వచ్చేది.

ఒక వానాకాలం నైలాన్ గేర్ల మీద వెండి రంగు చారలు మొదలయ్యాయి. ఎక్కువగా నైట్ షిఫ్ట్‌లోనే. ఆపరేటర్ కుర్రాడికి మెమో కూడా ఇచ్చేశారు. ఈసారి బొమ్మను మెషిన్ పక్క గోడ మీద, బ్రౌన్ పేపర్ మీద గీశాను. మూడు షిఫ్టుల వాళ్లకూ చీటీలిచ్చి, పేరు రాయక్కర్లేదని చెప్పాను. మర్నాటికి మెటీరియల్ ముల్లు మీద ఒక చీటీ: ‘దానా సరిగా ఆరట్లేదు.’ దానా అంటే మెషిన్‌లో పోసే ప్లాస్టిక్ గింజలు. నైలాన్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. సరిగా ఆరకపోతే ఆ నీరు మెషిన్‌లో దానా కరిగే బ్యారెల్‌లో ఆవిరై ముక్క మీద చారలుగా తేలుతుంది. ఎందుకు ఆరట్లేదు? డ్రయ్యర్‌లో 4 గంటలు ఉండట్లేదు. ఎందుకు? స్టోర్ నుంచి దానా రాత్రి 9 దాటాకే వస్తోంది, 10కి షిఫ్ట్ మొదలు. ఎందుకు? ఇండెంట్, అంటే దానా కావాలని స్టోర్‌కి రాసే కాగితం, సాయంత్రం ఆలస్యంగా రాస్తున్నారు. రాసేది ఆ కుర్రాడు కాదు.

ఆ రాత్రి అదే మోల్డ్, అదే కుర్రాడు, పూర్తిగా ఆరిన దానా. చారలు రాలేదు. ఇండెంట్ మధ్యాహ్నానికి మార్చాం. అతను నన్ను అడిగింది ఒక్కటే: “సార్, ఆ మెమో తీసేస్తారా?” తీయించడానికి రెండు వారాలు తిరిగాను.

ఈ బొమ్మకు లోపాలూ ఉన్నాయి. గోడ మీద ముప్ఫై చీటీలుంటే అన్నీ ఒకే బరువుతో కనిపిస్తాయి. ఏది అసలు కారణమో బొమ్మ చెప్పదు. షిఫ్ట్ వారీగా రిజెక్షన్ లెక్క, ఇలాంటి ట్రయల్ లేకపోతే అవన్నీ ఊహలే. తేమ మెటీరియల్ కిందికా, వాతావరణం కిందికా అని అరగంట వాదించుకున్న రోజులున్నాయి. ఇప్పుడైతే ఎక్కడైనా అంటించమంటాను. ఫ్యూజ్ పోవడంలాంటి వాటికి ఈ బొమ్మ దండగ. డబ్బు పెట్టి ఒక సాఫ్ట్‌వేర్ కూడా వాడి చూశాం కానీ, మౌస్ పట్టుకున్నవాడి మాటే బొమ్మలోకి వెళ్తోందని మళ్లీ బ్రౌన్ పేపర్‌కే వచ్చాం. మేనేజర్ ఎదురుగా ఉంటే చీటీలు పడవు, అందుకని ఆయన్ని తర్వాత రమ్మంటాను.

మనిషి ముల్లును ఇప్పుడు అన్నిటికంటే చివర గీస్తున్నాను. మిగతా అయిదూ చూశాకే దాని దగ్గరికి వెళ్తాం.