దూరపు డీలర్ వద్ద కొన్న మోటార్‌సైకిల్: కొన్నేళ్ళ వాడకం తరువాత తేలిన అసలు ఖర్చు

దగ్గరలోని షోరూం ఇవ్వలేనంత తక్కువ ధరకు, చాలా దూరంలో ఉన్న మరో డీలర్ వద్ద కొన్న మోటార్‌సైకిల్‌ను నేను కొన్నేళ్ళుగా నడుపుతున్నాను. బండి నాకు ఎంతో నచ్చింది; దాని గుణదోషాలను పక్కన ఉంచి, అంత దూరం నుంచి కొన్నందుకు చివరికి ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అన్న లెక్కనే ఇక్కడ రాస్తున్నాను. మొదట కనిపించిన తగ్గింపులో సగానికి పైగా మొదటి సర్వీసు పూర్తయ్యేలోపే కరిగిపోయింది. మిగిలిన భాగం నాకు నిజంగానే దక్కింది కానీ, అదే కంపెనీ అధీకృత వర్క్‌షాపు మా ఇంటికి దగ్గరలో లేకపోయి ఉంటే అదీ దక్కేది కాదు.

ధరలను పోల్చేటప్పుడు బండి ధరను మాత్రమే చూస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది. పన్ను, రిజిస్ట్రేషన్, బీమా, కాగితాల రుసుము, బండి సిద్ధం చేసినందుకు వేసే ఛార్జీ, అడగకపోయినా బిగించే అదనపు సామగ్రి, వీటన్నిటినీ కలిపిన ఆన్ రోడ్ ధరను ఇద్దరు డీలర్ల దగ్గరా రాతపూర్వకంగా తీసుకోవాలి. పన్ను అమ్మిన చోటి లెక్కన పడుతుందా, బండి తిరిగే చోటి లెక్కన పడుతుందా అన్నది కూడా ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే ఒక్కోసారి తేడా అంతా అక్కడే మాయమవుతుంది. దూరపు డీలర్ ఇచ్చిన కొటేషన్‌ను నేను దగ్గరలోని డీలర్‌కు చూపించినప్పుడు ఆయన తన ధరను కొంత తగ్గించారు. కాబట్టి నిజమైన తేడాను దూరపు ధరకూ, దగ్గరి డీలర్ చివరగా చెప్పిన ధరకూ మధ్య చూడాలి. పాత బండిని మార్పిడికి ఇచ్చేవారు మరొకటి కలుపుకోవాలి: బండిని కళ్ళారా చూడని డీలర్ దానికి జాగ్రత్తపడి తక్కువ విలువే కడతారు.

దూరాన ఉన్న బండి చౌకగా దొరుకుతోందంటే అది చాలాకాలంగా నిలవ ఉన్న సరుకు అయ్యే అవకాశం ఉంది. అందులో తప్పేమీ లేదు, అయితే నిలవ ఎంతకాలంగా ఉందో తెలిసి కొనాలి. టైరు పక్కగోడ మీద ఉండే నాలుగంకెల ముద్రలో మొదటి రెండు అంకెలు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2324 అని ఉంటే ఆ టైరు 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడకపోయినా తనంతట తాను ఛార్జి కోల్పోతుంది. నిలకడగా ఉన్నప్పుడు దాదాపు 12.8 వోల్టులు చూపితే అది నిండుగా ఉన్నట్టు. ఛార్జి బాగా పడిపోయిన స్థితిలో నెలల తరబడి వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, మళ్ళీ ఛార్జి చేసినా పూర్వపు శక్తి రాదు. బ్రేక్ ఆయిల్ కూడా అంతే, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, తేమ చేరాక పాటించాల్సిన కనీస ప్రమాణం 155 డిగ్రీలే. అందువల్లనే ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న దానితో నిమిత్తం లేకుండా రెండేళ్ళకోసారి మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి. నా బండికి బ్యాటరీ మొదటి ఏడాదిలోనే మార్చాల్సి వచ్చింది, ఆ ఖర్చును నేను కొనుగోలు లెక్కలోనే రాసుకున్నాను. అన్నిటికన్నా ముఖ్యంగా, వారంటీ ఏ తేదీ నుంచి మొదలవుతుందో అడగాలి. ప్రదర్శనకు వాడిన బండికో, అమ్మకాల లక్ష్యం కోసం ముందే అమ్మినట్టు నమోదు చేసిన బండికో కొన్ని నెలల వారంటీ అప్పటికే గడిచిపోయి ఉంటుంది.

కొన్న తరువాత బండి ఇంటికి ఎలా చేరుతుందన్నదే లెక్కలో పెద్ద పద్దు. స్వయంగా నడుపుకుంటూ రావడం చౌకగా, ఆనందంగా కనిపిస్తుంది. కానీ కొత్త ఇంజిన్‌కు తొలి కిలోమీటర్లలో వేగాన్ని, ఆర్‌పీఎంను (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లను) మారుస్తూ, పరిమితి దాటకుండా నడపడం అవసరం, సుదూరపు రహదారి మీద ఒకే వేగంతో గంటల తరబడి సాగిపోవడం అందుకు పూర్తిగా విరుద్ధం. కొత్త టైర్ల పైపొర అరిగేవరకు పట్టు తక్కువగా ఉంటుంది, బ్రేక్ ప్యాడ్లు కూడా డిస్కుకు పొందికగా కుదురుకోవాలి. చాలా బళ్ళకు మొదటి సర్వీసు 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య చేయించాలి, కొత్త భాగాల రాపిడితో వచ్చిన సన్నని లోహపు రజను ఆయిల్‌తో పాటు బయటికి పోయేది అప్పుడే. దూరం ఎక్కువైతే ఆ గడువు దారిలోనే ముంచుకొస్తుంది. ఇవన్నీ ఆలోచించి నేను బండిని లారీలో రప్పించాను.

తరువాత జరిగినది నా అనుభవంలో అన్నిటికన్నా ఖరీదైన పాఠం. బండి వచ్చిన కొద్దికాలానికే ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచి కుదుపులను తట్టుకునే గొట్టం) ఒకదాని సీలు నుంచి ఆయిల్ కారడం మొదలైంది. రవాణాలో పట్టీలను అతిగా బిగించి ఫోర్కును పూర్తిగా అణచి ఉంచడం వల్లనే ఇలా అయి ఉండవచ్చని, రవాణాలో కలిగిన నష్టం వారంటీ కిందికి రాదని దగ్గరి వర్క్‌షాపు అంది. బండి ఎక్కించేటప్పుడు బాగానే ఉందని అమ్మిన డీలర్ అన్నారు. దించుకున్నప్పుడు రసీదు మీద ఏ అభ్యంతరమూ రాయలేదు కదా అని రవాణా సంస్థ అంది. దించుకున్న రోజు సీలు పొడిగానే ఉంది మరి! కారణం ఎవరూ రుజువు చేయలేని స్థితిలో ముగ్గురూ తమ వైపు నుంచి సబబుగానే మాట్లాడారు, చివరికి చాలా ఉత్తరప్రత్యుత్తరాల తరువాత డీలర్ సగం భరించారు. దగ్గరలో కొని ఉంటే అమ్మినవారూ, బాగుచేయాల్సినవారూ ఒకరే కనుక ఈ వాదనకు తావే ఉండేది కాదు. దూరం వల్ల కలిగే అసలు నష్టం ఈ బాధ్యత చీలిపోవడమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందువల్ల ఎక్కించే ముందు, దించిన వెంటనే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయించడం, రవాణా బీమా ఎంత విలువకు ఉందో కాగితం మీద చూడటం తప్పనిసరి.

బండిని సిద్ధం చేసే పని గురించి కూడా చెప్పాలి. చాలా బళ్ళు కర్మాగారం నుంచి హ్యాండిల్, అద్దాలు, ఒక్కోసారి ముందు చక్రం కూడా విడిగా వస్తాయి. వాటిని బిగించి సరిచూసే డీలర్ మెకానిక్ చేతిలోనే తయారీ పూర్తవుతుంది. నాకు అందిన బండికి చైను మరీ బిగుతుగా ఉంది. వదులు ఎంత ఉండాలో యజమాని పుస్తకంలో రాసి ఉంటుంది, అంతకన్నా బిగిస్తే చైనుతో పాటు గేర్‌బాక్సు షాఫ్టు బేరింగు మీదా భారం పడుతుంది. సరిచేయడం చిన్న పనే అయినా, డబ్బిచ్చి చేయించుకోవాల్సి వచ్చింది.

వారంటీ కంపెనీది కాబట్టి ఏ అధీకృత వర్క్‌షాపులోనైనా చెల్లుతుందన్న మాట నా విషయంలో నిజమైంది. రీకాల్ పని (తయారీ లోపం ఉందని కంపెనీయే బళ్ళను వెనక్కి పిలిచి చేసే మరమ్మతు) కూడా ఛాసిస్ నంబరు చూసి ఉచితంగానే చేశారు. అయితే డీలర్ తన తరఫున ఇచ్చే ఉచిత సర్వీసులు, పొడిగించిన రక్షణ పథకాలు వేరు, అవి అమ్మిన చోటనే చెల్లే అవకాశం ఉంది. అలాగే వారంటీ గడువు ముగిసిన కొద్దిరోజులకే ఏదైనా భాగం పాడైతే, పాత ఖాతాదారు కోసం డీలర్ కంపెనీకి సిఫారసు చేస్తారు. ఆ చనువు దూరాన కొన్నవారికి తొందరగా ఏర్పడదు. దగ్గరి వర్క్‌షాపులో వరుసగా సర్వీసులు చేయించిన తరువాతే నన్ను వారు తమ మనిషిగా చూడసాగారు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పే కొలత ఒకటుంది. రవాణా, దానికి బీమా, ప్రయాణాలు, పని మానుకున్న రోజుల ఆదాయం, కాగితాల కోసం పెట్టే ఖర్చు, అన్నీ తీసివేసిన తరువాత మిగిలే తేడా ఒక పెద్ద సర్వీసు ఖర్చుకు మించకపోతే దగ్గరలోనే కొనాలి. కోరుకున్న రకం దగ్గరలో దొరకనే దొరకనప్పుడు మాత్రం ఈ లెక్క వర్తించదు, అప్పుడు దూరం వెళ్ళడమే సరి. రెండో తాళంచెవి, అసలు ఇన్‌వాయిస్, సర్వీసులు నమోదు చేసే పుస్తకం చేతికి అందేవరకు చివరి చెల్లింపులో కొంత ఆపుకోవడానికి డీలర్ ఒప్పుకుంటారేమో అడిగి చూడవచ్చు, ఎందుకంటే రేపు బండి అమ్మేటప్పుడు కొనేవారు మొదట అడిగేవి అవే.