మేత ఒక్కపూటా, రెండుపూటలా? చేపల చెరువులో ఏది మేలు?

కైకలూరు, ఆకివీడు వైపు పొద్దున్నే చెరువు గట్టెక్కితే పడవ నిండా మేత సంచులు కనిపిస్తాయి. చిల్లులు పెట్టిన ఆ సంచుల్లో నూనె తీసిన తవుడు, నూనెగింజల చెక్క నింపి, నీళ్లలో పాతిన కర్రలకు వరసగా కడతారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుని తింటాయి. చాలామంది రైతులకు ఆ రోజు మేత పని అంతటితో అయిపోయినట్టే. అదే మేతను రెండుపూటలకు పంచితే ఎదుగుదల పెరుగుతుందా, కూలి ఖర్చే పెరుగుతుందా?

ముందు చేప పొట్ట సంగతి చూడాలి. శీలావతి (రోహు), బొచ్చె (కట్ల) చేపలకు జీర్ణాశయం ఉండదు. తిన్నది నేరుగా పొడవాటి పేగులోకి పోతుంది. దాచుకునే చోటు లేదు కాబట్టి ఒకేసారి ఎక్కువ తింటే సగం అరగకుండానే బయటికొస్తుంది. మనం డబ్బు పెట్టి కొన్న మాంసకృత్తులు అలా నీళ్లపాలై, అమ్మోనియాగా మారి, ఆ చేప మొప్పలనే దెబ్బతీస్తాయి. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినడమే ఈ జాతికి నప్పుతుంది.

అలాగని సంచి పద్ధతిని తప్పు పట్టలేను. కట్టేది ఒక్కసారే అయినా చేప గంటల తరబడి వచ్చి పోతూ తింటుంది. తేలే గుళికల మేత అలా కాదు. చల్లిన కాసేపటికే ఖాళీ అయిపోతుంది, బలమైన చేపలే ముందు ఎగబడతాయి. ఒక్కపూటే చల్లితే వెనకబడ్డవి వెనకే ఉండిపోయి, పట్టుబడి రోజున సైజుల్లో తేడా వస్తుంది. అందుకే నా లెక్క ఇది: గుళికలైతే రెండుపూటలు తప్పనిసరి. సంచులైతే ఒక్కపూట నడుస్తుంది గానీ, వాటిలో కొన్నిటిని రెండోపూటకు ఆపి కడితే పిండి నీళ్లలో నానిపోవడం తగ్గుతుంది. చిన్న చేపపిల్లలున్న నర్సరీ చెరువులో మూడు నాలుగుసార్లయినా పెట్టాలి.

ఎన్ని పూటలన్నదానికంటే ఏ వేళన్నదే నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటి ఉంటుంది. తిన్న చేపకు ఆ ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. ఆరింటికే మేత వేసి, ఏడింటికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని కంగారు పడే బదులు, ఎండ పడ్డాక ఎనిమిదిన్నర, తొమ్మిదికి వేయొచ్చు. రెండోది నాలుగింటిలోపు అయిపోవాలి, చీకటి పడ్డాక వద్దే వద్దు. ముసురు పట్టిన రోజు సగమే వేయాలి, చేప తేలితే పూర్తిగా ఆపాలి. డిసెంబరు, జనవరి చలిలో ఆకలి మందగిస్తుంది కాబట్టి మధ్యాహ్నం ఒక్కపూట చాలు.

ఒకపూట ఆపితే ఎదుగుదల పోతుందని భయపడేవాళ్లున్నారు. చెరువుల్లో వదిలే, జీరో సైజు అని పిలిచే చేపపిల్లలు ఏడాదిపాటు అర్ధాకలితో గిడసబారినవే కదా! తర్వాత మేత అందితే ఎంత వేగంగా పుంజుకుంటాయో మనందరం చూస్తున్నాం. తగ్గిన మేతను చేప పూడ్చుకుంటుంది. అడుగున కుళ్లిన మేతకు మాత్రం విరుగుడు కష్టం.

మీరు ఇప్పుడు ఒక్కపూట సంచులు కడుతుంటే వెంటనే పద్ధతి మార్చకండి. రేపు సాయంత్రం నాలుగింటికి చెరువు నాలుగు వైపులా ఒక్కో సంచి ఎత్తి చూడండి. పిండి మిగిలితే పూట పెంచడం కాదు, మేతే తగ్గించాలి. మధ్యాహ్నానికే ఖాళీ అయి, చేపలు ఇంకా కర్రల చుట్టూ తిరుగుతుంటే, అప్పుడు రెండోపూట మొదలుపెట్టండి.