ఊబకాయం ఉన్న మహిళల కోసం ఆన్‌లైన్ ఆహార, వ్యాయామ కోర్సు: ఒక సమీక్ష

ఫోన్‌లోనే నడిచే ఈ కోర్సును ఊబకాయం ఉన్న మహిళల కోసమే రూపొందించామని నిర్వాహకులు చెబుతున్నారు. బీఎమ్‌ఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక) 30 దాటినవారు, అంతకన్నా తక్కువే ఉన్నా షుగర్, బీపీ, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాలను, రుతుక్రమాన్ని దెబ్బతీసే సమస్య) వంటి ఇబ్బందులు మొదలైనవారు ఇందులో చేరవచ్చు. చేరినవారికి ఒక పోషకాహార నిపుణురాలు, ఒక వ్యాయామ శిక్షకురాలు, వారం వారం వీడియో కాల్, రోజూ వివరాలు నింపవలసిన ఒక యాప్ ఉంటాయి. కోర్సు మొత్తం పూర్తి చేశాకే ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు. ఇటువంటి కోర్సులు ఇప్పుడు చాలా వచ్చాయి కనుక, ఒకదానిలోని మంచిచెడులు వివరంగా చెబితే మిగిలినవాటిలో చేరదలచినవారికీ ఏమి అడగాలో తెలుస్తుంది.

మొదట నచ్చిన విషయం, రక్తపరీక్షల ఫలితాలు చూడకుండా వీరు ఆహార పట్టిక ఇవ్వకపోవడం. పరగడుపు గ్లూకోజ్, హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల షుగర్ సగటును చూపే పరీక్ష), కొలెస్ట్రాల్ వివరాలు, కాలేయ ఎంజైములు, థైరాయిడ్, బీపీ అన్నీ అడిగి తీసుకున్నారు. ఇది సరైన పద్ధతి. షుగర్, గుండె జబ్బుల ముప్పును పెంచే లక్షణాల సమూహమైన మెటబాలిక్ సిండ్రోమ్‌ను గుర్తించడానికి వైద్యులు వాడే ఐదు ప్రమాణాల్లో అసలు శరీర బరువే లేదు. నడుము చుట్టుకొలత పెరగడం, రక్తంలోని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 150 లేదా అంతకు మించి ఉండడం, మహిళల్లో హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్ట్రాల్ 50 కంటే తగ్గడం, బీపీ 130/85 లేదా అంతకు మించడం, పరగడుపు గ్లూకోజ్ 100 లేదా ఆపైన ఉండడం అనే ఈ ఐదింటిలో ఏ మూడు కనిపించినా ఆ సమస్య ఉన్నట్లే లెక్క.

నడుము కొలవడం నేర్పే చిన్న వీడియో ఈ కోర్సులో నాకు బాగా ఉపయోగపడినవాటిలో ఒకటి. చివరి పక్కటెముక అంచును, తుంటి ఎముక పై అంచును వేళ్లతో తడిమి చూసుకుని, రెండింటికీ సరిగ్గా మధ్యలో పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. టేపును ఆ గుర్తు మీదుగా నేలకు సమాంతరంగా, చర్మం నొక్కుకుపోకుండా చుట్టి, మామూలుగా ఊపిరి వదిలిన చివరన అంకె చదవాలి. బట్టలు కుట్టించుకునేటప్పుడు కొలతలు ఇచ్చే చోటికీ దీనికీ బాగా తేడా ఉంటుంది. పొట్ట లోపలికి పీల్చి కొలిచే అలవాటు ఉన్నవారు మొదటి వారం అంకె చూసి కంగారు పడకూడదు.

ఆహారం విషయంలో కోర్సు మొత్తం మీద నిదానంగానే నడిచింది. రోజుకు సుమారు 500 కేలరీల లోటు, ప్రతి పూటా తగినంత ప్రొటీన్, తీపి పానీయాలు పూర్తిగా మానడం, పీచు ఎక్కువగా ఉండే పదార్థాలు పెంచడం వారి సూత్రాలు. లక్ష్యం కూడా అందుకోగలిగినదే. మొదటి విడతలో ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలన్నారు. ఆ మాత్రం తగ్గినా కాలేయం, కండరాలు ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందిస్తాయి. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో అండం విడుదల మళ్లీ గాడిన పడుతుంది. త్వరగా తగ్గించమని నాతో పాటు చేరిన కొందరు పట్టుబట్టినా నిపుణురాలు లొంగలేదు. మరీ వేగంగా తగ్గేవారిలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుందని, కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుందని ఆమె ఓపికగా వివరించారు.

అయితే పళ్లెం ఫొటో తీస్తే కేలరీలు లెక్కగట్టే యాప్ సదుపాయాన్ని మాత్రం నమ్మలేము. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కేలరీలు ఉంటాయి, వంటలో కలిసిపోయిన నూనె ఫొటోలో కనబడదు. ఒకే కూరను రెండు రకాలుగా వండి ఫొటోలు పంపినప్పుడు యాప్ రెండింటికీ ఒకే లెక్క చూపించింది. చేతితో రాసుకున్న లెక్కే మేలనిపించి ఆ సదుపాయాన్ని వదిలేశాను.

బరువు విషయంలో ఆహారానికి, వ్యాయామానికి ఉన్న వాటాలను ఈ కోర్సు దాచకుండా చెప్పింది. అమెరికాలో మెనోపాజ్ దాటిన 439 మంది అధిక బరువు, ఊబకాయం ఉన్న మహిళలపై ఏడాది పాటు జరిగిన అధ్యయనంలో, ఆహారం మాత్రమే మార్చుకున్నవారు సగటున 8.5 శాతం, వ్యాయామం మాత్రమే చేసినవారు 2.4 శాతం, రెండూ పాటించినవారు 10.8 శాతం బరువు తగ్గారు. వారానికి ఐదు రోజులు, రోజుకు 45 నిమిషాలు చెమటోడ్చినా 2.4 శాతమేనా అని నీరసపడవలసిన పని లేదు. వ్యాయామం చేసే అసలు పని తూకంలో కనబడేది కాదు.

ఆ పనిని శిక్షకురాలు మొదటి తరగతిలోనే వివరించారు. కండరం సంకోచించినప్పుడు, గ్లూకోజ్‌ను లోపలికి తీసుకునే గ్లూట్4 అనే ప్రొటీన్లు ఇన్సులిన్ పిలుపు కోసం వేచి ఉండకుండానే కణం ఉపరితలానికి చేరతాయి. ఇన్సులిన్ నిరోధకత (కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించని స్థితి) ఉన్నవారికి ఇది మూసుకుపోయిన ముఖద్వారం పక్కన ఉన్న దొడ్డిదారి వంటిది. ఒకసారి వ్యాయామం చేస్తే పెరిగే ఇన్సులిన్ స్పందన ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతుంది కనుక, వరుసగా రెండు రోజులకు మించి విరామం ఇవ్వవద్దన్న వారి నియమంలో అర్థం ఉంది.

తరగతులు కూడా భారీ శరీరం ఉన్నవారిని దృష్టిలో పెట్టుకునే రూపొందించారు. గెంతడం, పరుగెత్తడం లేవు. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, మళ్లీ నెమ్మదిగా కూర్చోవడం, గోడకు ఎదురుగా నిలబడి పుషప్‌లు, ఎలాస్టిక్ బ్యాండ్‌తో వెనక్కి లాగడం వంటివాటితో మొదలుపెట్టారు. కూర్చునేటప్పుడు ధభీమని పడిపోకుండా నాలుగు అంకెలు లెక్కపెడుతూ దిగాలన్నది శిక్షకురాలి పట్టుదల. ఆ దిగడంలో కూడా తొడ కండరానికి బాగా పని పడుతుంది. నడకకు ఇచ్చిన గుర్తు కూడా తేలికైనదే: మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నా దృష్టిలో చెల్లించిన రుసుముకు పూర్తి న్యాయం జరిగింది ఈ తరగతుల్లోనే.

ఇంత తెలిసినవారు యాప్‌ను ఇలా ఎందుకు తయారు చేశారో అర్థం కాదు. ఉదయం తెరవగానే బరువు అడుగుతుంది. తగ్గితే తెర ఆకుపచ్చగా, పెరిగితే ఎర్రగా మారుతుంది. రుతుక్రమానికి ముందు రోజుల్లో ఒంట్లో నీరు చేరి ఒకటి, రెండు కిలోలు పెరగడం చాలామందికి మామూలే. మహిళల కోసమే చేశామని చెప్పుకునే యాప్‌లో రుతుక్రమం నమోదు చేసుకునే వీలు ఉన్నా, బరువు గ్రాఫ్‌కు దానితో సంబంధమే లేదు. తరగతులన్నీ శ్రద్ధగా చేసిన వారంలోనే ఎర్ర తెర చూసి వ్యాయామం మానేసిన ఒకావిడ మా బృందంలో ఉన్నారు. ఆమెకు అప్పుడు చెప్పవలసిన విషయం 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఉంది. మెనోపాజ్ దాటి, అధిక బరువు లేదా ఊబకాయంతో కదలిక లేని జీవితం గడుపుతున్న 464 మంది మహిళల్లో, వారానికి సుమారు 72 నిమిషాల వ్యాయామం చేసినవారికి సైతం బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేకుండానే గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం 4.2 శాతం పెరిగింది.

తూకం మీద ఇంత మోజు తగదనడానికి మరో గట్టి ఆధారం లైపోసక్షన్, అంటే శస్త్రచికిత్సతో కొవ్వును పీల్చి తీసివేయడం. 2004లో వెలువడిన ఒక పరిశోధనలో ఊబకాయం ఉన్న 15 మంది మహిళల పొట్ట భాగంలో చర్మం కింది కొవ్వును పెద్ద మొత్తంలో తీసివేశారు. తూకంలో తేడా కనిపించింది గానీ ఇన్సులిన్ స్పందన, బీపీ, రక్తంలోని కొవ్వులు ఏవీ మెరుగుపడలేదు. తిండి తగ్గించి, కండరాలను కదిలించి తగ్గినప్పుడు కాలేయంలోనూ పేగుల చుట్టూనూ పేరుకున్న కొవ్వు కూడా తగ్గుతుంది. ఆ మేలు కోతతో రాదు. ఈ విషయం వీడియో పాఠాల్లో చెప్పి, యాప్‌లో మాత్రం మరచిపోయారు.

ప్రకటనల గురించి రెండు మాటలు. "జీవక్రియ వేగాన్ని రెట్టింపు చేస్తాం" అన్న మాట అబద్ధం. కిలో కండరం విశ్రాంతిలో రోజుకు ఖర్చు చేసేది దాదాపు 13 కేలరీలే. పైగా బరువు తగ్గేకొద్దీ శరీరం మొత్తం ఖర్చు తగ్గుతుంది. కోర్సు లోపల ఎవరూ ఆ మాట అనలేదు కనుక, అది ప్రచార విభాగం అత్యుత్సాహమనుకోవాలి.

భద్రత విషయంలో ఒక లోపాన్ని తేలిగ్గా తీసుకోలేము. చేరేటప్పుడు వాడుతున్న మందుల పేర్లు రాయించుకున్నారు గానీ, వాటిని ఒక వైద్యుడు చూసిన ఆనవాలు ఎక్కడా లేదు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి షుగర్ మాత్రలు గానీ వాడేవారు తిండి తగ్గించి వ్యాయామం పెంచితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. అటువంటివారు తమ వైద్యునితో మోతాదు మాట్లాడుకోకుండా ఇందులో చేరకూడదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, తిండి విషయంలో మానసిక ఇబ్బందులు ఎదుర్కొన్నవారికి ఈ కోర్సు అసలు తగదు. రోజువారీ ఎర్ర తెర చివరివారికి హాని కూడా చేయవచ్చు.

ఇక నా ఫలితాలు. బరువు వారు ఆశ చూపినంత తగ్గలేదు. నడుము కొలత మాత్రం స్పష్టంగా తగ్గింది, ట్రైగ్లిజరైడ్లు 150 లోపుకు వచ్చాయి, మెట్లెక్కేటప్పుడు ఆగవలసిన అవసరం పోయింది. హెచ్‌డీఎల్ పెద్దగా కదలలేదు. హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటును చూపుతుంది కనుక దానిని కోర్సు మధ్యలో చేయించుకోవడం వృథా అని నిపుణురాలు ముందే చెప్పి డబ్బు ఆదా చేశారు.

కోర్సు ముగిసిన మరునాడే అందరూ మాయమయ్యారన్నది నా ప్రధాన ఫిర్యాదు. షుగర్ రాబోయే దశలో ఉన్న 3,234 మందిపై అమెరికాలో జరిగి 2002లో ప్రచురితమైన అధ్యయనంలో, 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల కదలిక లక్ష్యాలుగా పెట్టుకున్న బృందంలో మధుమేహం 58 శాతం తక్కువగా వచ్చింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు ఇచ్చినవారిలో తగ్గుదల 31 శాతమే. అక్కడ మొదటి దశ పాఠాలు అయ్యాక కూడా శిక్షకులు నెలనెలా పలకరిస్తూనే ఉన్నారు. ఇక్కడ మాత్రం తగ్గిన బరువు తిరిగి పెరగకుండా చూసుకోవలసిన కష్టకాలంలో మిగిలింది యాప్ ఒక్కటే, దానికీ విడిగా చందా.

మొత్తం మీద ఐదుకు మూడున్నర ఇస్తాను. ఇందులో ఆహార సలహాలకు, వ్యాయామ తరగతులకు నాలుగున్నర ఇవ్వవచ్చు. యాప్‌కు రెండుకు మించి ఇవ్వలేను. వ్యాయామం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారు, మందులేవీ వాడనివారు నిస్సందేహంగా చేరవచ్చు; చేరగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లి రోజూ బరువు అడగడాన్ని ఆపివేసుకోవడం మంచిది. చందా పొడిగించమని వస్తున్న సందేశాలకు నేను స్పందించలేదు. శిక్షకురాలి తరగతులను మాత్రం విడిగా ఇవ్వమని రాశాను, ఆ వీలు ఇంకా కల్పించలేదని జవాబు వచ్చింది.