ఉయుని తెల్లదనం ఒక్క పూట చాలు, మిగతా టైం మడుగులకివ్వండి

బొలీవియా వెళ్లేవాళ్లలో చాలామంది ఉయుని ఉప్పు మైదానం చూసేసి వెనక్కి తిరుగుతారు. పదివేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఉప్పు, దాదాపు 3,650 మీటర్ల ఎత్తు. ఫొటోలకు తిరుగులేదు, ఒప్పుకుంటాను. కానీ నీళ్లలో బతికే జీవాల కోసం వెళ్తే అక్కడ ఒక్క పూట చాలు. ఎండిన ఉప్పుపొర మీద కంటికి ఆనేది దాదాపు ఏమీ ఉండదు.

అసలు సంగతంతా దక్షిణాన, ఉప్పు మడుగులున్న ఎడువార్డో అవరోవా ప్రకృతి రిజర్వులో ఉంది. ఉయుని నుంచి చిలీలోని సాన్ పెడ్రో దాకా మూడు రోజుల షేరింగ్ జీపులు దొరుకుతాయి. చిక్కల్లా ఒక్కటే: అవి ఒక్కో మడుగు దగ్గర పావుగంట ఆపి హారన్ కొడతాయి. పక్షులు చూడాలనుకుంటే నలుగురు కలిసి సొంతంగా జీపు మాట్లాడుకోండి. ఖర్చు ఎక్కువే, అయినా నా లెక్కలో అదే మేలు. రిజర్వు ప్రవేశ రుసుం విడిగా, బొలీవియానోల్లో నగదు కట్టాలి.

లగూనా కొలరాడా 4,278 మీటర్ల ఎత్తులో ఉంది. ఉప్పునీటి సూక్ష్మశైవలాల (కంటికి కనపడని నాచు) రంగే దాని ఎరుపు. ఇక్కడ మూడు రకాల ఫ్లెమింగోలు ఒకే నీళ్లలో మేస్తాయి. కాళ్లు చూసి గుర్తుపట్టొచ్చు: ఆండియన్‌కు పసుపు కాళ్లు, చిలియన్‌కు బూడిదరంగు కాళ్లకు గులాబీ కీళ్లు, చిన్నదైన జేమ్స్‌కు ఇటుక ఎరుపు. తల తలకిందులుగా ముంచి, నాలుకతో నీళ్లు లాగి వదులుతుంటాయి. జేమ్స్ ముక్కులోని జల్లెడ చాలా సన్నం, డయాటమ్‌లనే అతిచిన్న శైవలాలను కూడా పట్టేస్తుంది. చిలియన్ అంతకంటే పెద్ద జీవులను ఏరుకుంటుంది. అందుకే ఒకే మడుగులో తిండి కోసం పెద్దగా పోటీ ఉండదు. జేమ్స్ ఫ్లెమింగో అంతరించిందనే అనుకున్నారు, 1950ల్లో మళ్లీ కనిపించేదాకా.

లగూనా వెర్దే ఆకుపచ్చగా బ్రహ్మాండంగా ఉంటుంది. ఆర్సెనిక్ ఉన్న నీళ్లు, ఫ్లెమింగోలు రావు. చూసి కదలండి.

బస సంగతి. ఉయుని అంచున ఉప్పు ఇటుకల హోటళ్లు వెచ్చగా, హాయిగా ఉంటాయి గానీ మడుగులకు దూరం. కొలరాడా దగ్గరి రెఫ్యూజియోల్లో (సాదా బస గదులు) హీటర్ ఉండదు, కరెంటు సాయంత్రం కాసేపే. రాత్రి మైనస్‌లోకి వెళ్తుంది, ఎత్తు వల్ల వచ్చే తలనొప్పికి నిద్ర పట్టదు. స్లీపింగ్ బ్యాగ్ అద్దెకు తీసుకోకుండా వెళ్లొద్దు. అయినా తెల్లవారగానే పక్షుల పక్కన ఉండాలంటే అక్కడే పడుకోవాలి.

ఆ ఎత్తు టెన్షన్ వద్దనుకునేవాళ్లకు చిలీ వైపు అటకామా ఉప్పు మైదానంలోని చాక్సా మడుగు నయం, 2,300 మీటర్లే. నడకదారులు చక్కగా ఉన్నాయి, టోకొనావో స్థానిక సముదాయమే చూసుకుంటుంది. రొయ్యల హేచరీల్లో మేతగా వేస్తారే, ఆర్టీమియా అనే ఆ చిన్న ఉప్పునీటి జీవి ఈ మైదానపు మడుగుల్లో సహజంగానే పెరుగుతుంది. సేహార్ పక్కనున్న పియెద్రా మడుగులో జనం తేలడానికే ఎగబడతారు, సరదాకు సరే.

నాకు ఎక్కువ నచ్చింది మాత్రం టూర్లు అంతగా పట్టించుకోని అస్కొతాన్, చిలీలోనే ఇంకో ఉప్పు మైదానం. కలామా నుంచి ఒల్యాగ్వే వెళ్లే రోడ్డు మీద, 3,700 మీటర్ల ఎత్తులో. తూర్పు అంచున ఊటలు పుట్టే చోట ఒరెస్టియాస్ అస్కొటానెన్సిస్ అనే వేలంత చేప ఉంటుంది, ప్రపంచంలో మరెక్కడా లేదు. గనుల కోసం నీళ్లు తోడేస్తే ముందు ఎండేది ఆ ఊటలే. ఒడ్డు దాటి నీళ్లలోకి దిగొద్దు. పెట్రోలు, తిండి, నీళ్లు కలామాలోనే సర్దుకోండి, దారిలో దొరుకుతాయన్న ఆశ పెట్టుకోవద్దు.