జిల్లా ఆసుపత్రి క్లబ్‌ఫుట్ క్లినిక్: కట్లు బాగా వేస్తారు, బూట్ల విషయంలో ఇంకా బాగా చూస్తారు

పాదం వంకరగా పుట్టిన బిడ్డను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లొచ్చా అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు తల్లులు అడిగారు. వెళ్లండి. బిడ్డ పుట్టిన వారం పది రోజుల్లోనే వెళ్లండి. మా జిల్లా పెద్దాసుపత్రిలో వారానికి ఒకరోజు నడిచే క్లబ్‌ఫుట్ (వంకర పాదం) క్లినిక్ గురించి, అక్కడ ఇచ్చే రాడ్డు బూట్ల గురించి నాకు తెలిసిందంతా రాస్తున్నాను.

నేను తెనాలి దగ్గర ఒక ఊళ్లో ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. మా పాపకి కుడి పాదం పుట్టుకతోనే లోపలికి, కిందికి తిరిగి ఉంది. మడమ పైకి లాగేసి ఉండేది, అరికాలు రెండో కాలి వైపు చూసేది. ఇప్పుడు తనకి మూడో ఏడు. అంగన్‌వాడీకి నా చెయ్యి వదిలించుకుని పరుగెడుతుంది. ఎదురింటివాళ్లకి ఏ కాలో చెప్తే తప్ప తెలియదు.

పుట్టినప్పుడు మాత్రం చాలా మాటలు పడ్డాను. గ్రహణం రోజు కత్తెర పట్టుకుని ఉంటావని మా అత్తయ్య వాళ్ల చుట్టాలు అన్నారు. కుట్టుపని చేసేదాన్ని, కత్తెర పట్టుకోని రోజు నాకెక్కడిది? బాలింతగా మంచం మీద ఉండి ఆ మాటలు వినడం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుస్తుంది. క్లినిక్‌లో మొదటిరోజే డాక్టరుగారు మా అత్తయ్యని కూడా కూర్చోబెట్టి చెప్పారు: "అమ్మా, సుమారు 800 నుంచి 1,000 కాన్పులకి ఒక బిడ్డ ఇలా పుడతారు. అన్ని దేశాల్లోనూ పుడతారు. మగపిల్లల్లో ఇది రెండింతలు ఎక్కువ. సగం మందికి రెండు పాదాలూ ఇలాగే ఉంటాయి. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు." మా అత్తయ్య ఆ తర్వాత ఇంట్లో ఆ ఊసు ఎత్తనివ్వలేదు. నేను ఈ క్లినిక్‌కి ఇచ్చే మొదటి మార్కు దీనికే. పాదం చూసేముందు తల్లి మొహం చూసి మాట్లాడారు.

అక్కడికి పంపింది మా ఆశా అక్క. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే కేంద్ర ప్రభుత్వ పథకం 2013లో మొదలైనప్పటి నుంచి పుట్టిన పిల్లల్లో చూడాల్సిన లోపాల జాబితాలో ఈ వంకర పాదం కూడా ఉంది. అంతకుముందు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తే, ఏడాది నిండాక పెద్ద ఆపరేషన్ చేద్దాం, అప్పటిదాకా ఆగండి అన్నారు. ఇంకోపక్క చుట్టాలు పుత్తూరు వెళ్లి కట్టు కట్టించమన్నారు. విరిగిన ఎముక అయితే మనవాళ్లకి వెంటనే తోచే పేరు అదే. కానీ ఇక్కడ ఎముకేమీ విరగలేదు. పాదంలోని చిన్న ఎముకలు మెలితిరిగిన స్థితిలో, బిగుసుకున్న స్నాయువుల (ఎముకల్ని పట్టి ఉంచే తాళ్లలాంటివి) పట్టులో ఉంటాయి. వాటిని వారం వారం కొంచెం కొంచెంగా సరైన చోటికి తేవాలి.

ఆపరేషన్ వద్దు, కట్లు చాలు అని డాక్టరుగారు అంటే మా ఆయనకి ముందు నమ్మకం కుదరలేదు. ఖర్చు తక్కువని తక్కువ వైద్యం చేస్తున్నారేమో అన్నారు. ఈ అనుమానం చాలామందికి వస్తుంది కాబట్టి దీని వెనక ఉన్న కథ కొంచెం వివరంగానే రాస్తాను. స్పెయిన్‌కి చెందిన ఇగ్నాసియో పోన్సేటి అనే డాక్టరు 1941లో అమెరికాలోని అయోవా యూనివర్సిటీ ఆసుపత్రికి వచ్చారు. అప్పటికే ఆపరేషన్లు అయిపోయిన పాదాలు తర్వాత ఎలా ఉన్నాయో ఆయన వెతికి చూశారు. చాలావరకు బిగుసుకుపోయాయి, నొప్పి ఉంది. అప్పుడు ఆయన పసిపిల్లల పాదం ఏ ఎముక చుట్టూ ఎలా తిరుగుతుందో బాగా పరిశీలించి, చేత్తో సాగదీసి పిండికట్టు వేసే పద్ధతి తయారుచేశారు. 1963లో ఫలితాలు ప్రచురించారు. అయినా చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు.

1995లో అయోవా డాక్టర్లు, చిన్నప్పుడు ఈ వైద్యం చేయించుకున్న 45 మందిని మళ్లీ పరీక్షించారు. వాళ్ల సగటు వయసు అప్పటికి 34. వాళ్లలో 78 శాతం మందికి పాదం బాగానో చాలా బాగానో పనిచేస్తోంది. పుట్టుకతో ఏ లోపమూ లేని వాళ్లని అదే కొలతతో చూస్తే వచ్చింది 85 శాతం. ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా తేడా అంతే! పెద్ద ఆపరేషన్ చేయించుకున్న పిల్లల్ని ఇంకొక పరిశోధనలో పెద్దయ్యాక చూస్తే చాలామందికి పాదాలు బిగిసి, కీళ్లు అరిగి ఉన్నాయని 2006లో తేలింది. ఇది విన్నాక మా ఆయన మళ్లీ ఆపరేషన్ మాట ఎత్తలేదు.

ఇక కట్లు వేసే గది. పాపని ఆకలిమీద తీసుకురమ్మంటారు. కట్టు వేస్తున్నంతసేపూ పాలు తాగుతుంటే కాలు బిగబట్టదు. ఒకరు పాదం పట్టుకుంటారు, ఇంకొకరు పలచగా దూది చుట్టి, తడిపిన పిండికట్టు వేస్తారు. పట్టుకునేవారి బొటనవేలు చీలమండ ముందువైపు ఒకేచోట ఆనించి ఉంటుంది. మడమని మాత్రం ఎవరూ ముట్టుకోరు. ముందు నాకు అర్థం కాలేదు. వంకర ఉన్నదే మడమ దగ్గర కదా, అక్కడ పట్టుకోరేమిటి? పాదం ముందుభాగం బయటికి తిరిగేకొద్దీ మడమ దానంతట అదే సర్దుకుంటుందట. వారాలు గడిచేకొద్దీ నా కళ్లముందే సర్దుకుంది. క్రాసు కోసిన గుడ్డని ఒక మూల లాగితే మడత ఇంకో మూల విడిపోయినట్టే.

కట్టు కాలివేళ్ల దగ్గర నుంచి తొడదాకా, మోకాలు తొంభై డిగ్రీలు వంచి వేస్తారు. మోకాలి కిందే ఆపేస్తే జారిపోతుంది. ఇంటికెళ్లాక వేలు నొక్కి వదిలితే గులాబీ రంగు వెంటనే తిరిగి రావాలి. వేళ్లు కట్టులోపలికి వెళ్లిపోయినట్టు కనిపిస్తే మరుసటి వారం దాకా ఆగకుండా వచ్చేయాలి. ఈ రెండూ నా చేత తిరిగి చెప్పించుకున్నాకే పంపేవారు. ప్రతి వారం కట్టు విప్పాక పాదానికి మార్కులు వేస్తారు. పిరాని స్కోరు అంటారు. ఆరు గుర్తులు, ఒక్కోదానికి సున్నా, అర, ఒకటి. మొత్తం ఆరొస్తే బాగా వంకర, సున్నా అయితే మామూలు పాదం. ఆ కార్డు నా చేతికే ఇచ్చేవారు. ఆ అంకె వారం వారం తగ్గుతుంటే నాకు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు.

చాలామంది పిల్లలకి అయిదారు కట్లు సరిపోతాయి. చివర్లో మడమ కిందికి దిగడానికి మడమ వెనక ఉన్న స్నాయువుని తెంపుతారు. చిన్న గాటు, ఆ చోట మాత్రమే మత్తు, కుట్లు ఉండవు. మూడు వారాలు ఆఖరి కట్టులో ఉంచితే ఆ స్నాయువు తిరిగి అతుక్కుంటుంది. భయపడాల్సిన పని లేదు.

అసలు పని ఆ కట్టు విప్పాక మొదలవుతుంది. సరైన పాదం మళ్లీ వంకర తిరగకుండా వేసే బూట్ల సంగతి ఇప్పుడు.

మా పాపకి ఇచ్చినవి స్టీన్‌బీక్ రకం బూట్లు. ఖరీదైన విదేశీ బ్రేసులు (ఇలాంటి రాడ్డు బూట్లే) కొనలేని చోట్ల స్థానికంగా దొరికే తోలుతో, మామూలు పనిముట్లతో కుట్టుకునేలా ఉగాండాలో తయారైన నమూనా ఇది. మాకు ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఉచితంగా ఇచ్చారు. కుట్టుపని తెలిసినదాన్ని కాబట్టి చేతికి రాగానే తిరగేసి చూశాను. ముందు వేళ్లు తెరిచి ఉంటాయి. లోపల మెత్తటి తోలు, కుట్టు బయటివైపే ఉంది, చర్మానికి ఎక్కడా రాసుకోదు. మడమ వెనక చిన్న కన్నం ఉంటుంది. అది గాలికోసం పెట్టింది కాదు, మడమ కిందికి ఆనిందో లేదో అందులోంచి చూసుకోవడానికి. రెండు బూట్లని కలుపుతూ భుజాల వెడల్పంత రాడ్డు. వంకర ఉన్న కాలి బూటు 60 నుంచి 70 డిగ్రీలు బయటికి, బాగున్న కాలిది 30 నుంచి 40 డిగ్రీలు బయటికి తిప్పి బిగిస్తారు. బాగున్న కాలికి ఎందుకండీ అని అందరూ అడుగుతారు. రెండు కాళ్లూ కలిసి తన్నితేనే సరిచేసిన పాదం సాగుతూ ఉంటుంది.

ఒక్క లోపం చెప్పాలంటే లేసులు. నున్నటి నైలాన్ లేసులు, పాప తన్నగానే వదులైపోయేవి. నేను కాటన్ నాడా మార్చాను, ముడి నిలిచింది. రాడ్డుకి పాత దుప్పటి గుడ్డతో దూది పెట్టి తొడుగు కుట్టాను. లేకపోతే రాత్రిపూట అది పక్కన పడుకున్నవాళ్ల మొహాన తగులుతుంది. మంచం చెక్కకి కొట్టుకుని పాపే లేస్తుంది. క్లినిక్‌లో చూసి మిగతా తల్లులు అడిగితే వాళ్లకీ కుట్టిచ్చాను. లోపల కాటన్ సాక్సు ఒక్క మడత కూడా లేకుండా వేయాలి. ముందు చీలమండ పట్టీ బిగించి, తర్వాతే లేసులు. ఎర్రబడిన చోట నూనె, క్రీము రాయొద్దు, చర్మం ఇంకా మెత్తబడి బొబ్బ వస్తుంది. మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు వేయాలి, స్నానానికి తప్ప తీయకూడదు. ఆ తర్వాత రాత్రి నిద్ర, పగటి నిద్ర కలిపి 12 నుంచి 14 గంటలు. ఇలా నాలుగైదు ఏళ్లు వచ్చేదాకా.

చాలా ఇళ్లలో వైద్యం చెడేది ఇక్కడే. పాదం తిన్నగా కనిపిస్తుంది, పిల్ల ఏడుస్తుంది, అమ్మమ్మకి జాలేస్తుంది, బూట్లు అటక మీదికి వెళ్తాయి. అయోవాలో 157 మంది పిల్లల్ని పరిశీలించి 2004లో ప్రచురించిన ఫలితాల్లో 98 శాతం మందికి కట్లతోనే పాదం సరైంది, పెద్ద ఆపరేషన్ అవసరమైంది నలుగురికే. మళ్లీ వంకర వచ్చింది 17 మందికి. ఆ తిరిగి రావడం బిడ్డ వయసుని బట్టి లేదు, ఎన్ని కట్లు పడ్డాయన్న దాన్ని బట్టీ లేదు. బూట్లు సరిగా వేయకపోవడాన్ని బట్టి ఉంది. మా క్లినిక్‌లో కౌన్సెలర్ మేడమ్ ఇదే విషయాన్ని, లెక్కలేమీ లేకుండా, ప్రతి తల్లితోనూ అంటారు: "కట్లు మా చేతిలో పని, బూట్లు నీ చేతిలో పనమ్మా. ఏడిస్తే నాకు ఫోన్ చెయ్యి, తీసి మాత్రం పక్కన పెట్టొద్దు." రాని వాళ్లకి ఆవిడే ఫోన్ చేస్తారు. మొదటి రెండు మూడు రాత్రులు పాప గుక్కపట్టి ఏడ్చింది. నేను ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తారు. అంతకంటే ఇంకేం కావాలి?

ఎముకల విభాగంలో చదువుకునే పీజీ డాక్టరు ఒకరు తన థీసిస్‌కి మా పాప వివరాలు వాడుకుంటానని అడిగారు. కాగితం తెలుగులోనే ఉంది, అయినా మొత్తం చదివి వినిపించారు. పేరు ఎక్కడా రాయరు, ఒప్పుకోకపోయినా వైద్యం ఆగదు అని రెండుసార్లు చెప్పారు. సంతోషంగా సంతకం పెట్టాను. పై లెక్కలన్నీ ఎవరో ఒక తల్లి ఇలా ఒప్పుకుంటేనే కదా వచ్చాయి. ఆయన ప్రతిసారీ రోజుకి ఎన్ని గంటలు వేశారని అడిగేవారు. అమెరికాలో బ్రేసుల్లో చిన్న సెన్సర్లు పెట్టి చూస్తే, తల్లిదండ్రులు చెప్పిన గంటల కంటే నిజంగా వేసినవి తక్కువగా తేలాయట. అందుకని ఆయన అడిగే తీరు నాకు నచ్చింది. "నిన్న ఎప్పుడు తీశారు, ఎందుకు తీశారు" అని అడిగేవారు, మొహంలో కోపం ఉండేది కాదు. నిజం చెప్పేవాళ్లకి అలాంటి డాక్టరు కావాలి.

బాగాలేనివీ ఉన్నాయి. కట్టు నానబెట్టి విప్పే చోట వేడినీళ్లు ఉండవు, చలికాలంలో పసిపిల్లకి అది అన్యాయం. పాలివ్వడానికి చాటు లేదు. ఒకసారి పాప కాలు పెరిగి బూటు చాలక వెళ్తే పై సైజు స్టాకు లేదన్నారు, వచ్చేదాకా వేళ్లు అంచుదాటి ఉన్న బూటుతోనే గడిపాం. బూట్లు వేయలేదని తల్లిని అడిగే ముందు సైజులు దగ్గర పెట్టుకోవాలి, ఈ మాట అక్కడే చెప్పి వచ్చాను.

ఇంకొకటి, దూరం. మేం బస్సులో గంటలో చేరతాం. లంక గ్రామాల నుంచి, గిరిజన తండాల నుంచి వచ్చేవాళ్లకి ప్రతి వారం కూలి పోతుంది. ఆఫ్రికాలో మలావీ దేశంలో వారానికి ఒక కట్టు బదులు మూడు కట్లు వేసి చూస్తే పాదం అంతే బాగా సరైందని 2011లో ప్రచురించారు. అక్కడ కుటుంబాన్ని ఆసుపత్రిలోనో దగ్గర్లోనో ఉంచి పని త్వరగా ముగించవచ్చు. మా దగ్గర కూడా దూరపు పిల్లలకైనా ఇలా చేయొచ్చు కదా అని డాక్టరుగారిని అడిగాను. తల్లులు ఉండటానికి మంచాలు కావాలి, అది పై ఆఫీసర్లు తేల్చాలి అన్నారు. తేల్చాలనే నేనూ రాస్తున్నాను.

వెళ్లేవాళ్లు ఆధార్, బిడ్డ డిశ్చార్జి కాగితం, రెండు మెత్తటి పాత చీర ముక్కలు, మీకు తాగేనీళ్లు పట్టుకెళ్లండి. పొద్దున్నే తొమ్మిదిలోపు చీటీ రాయించుకుంటే మధ్యాహ్నానికి బయటపడొచ్చు. వీలైతే ఇంట్లో బూట్లు తీసేయమనే పెద్దావిడ ఎవరో ఆవిడని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.