ఏ బటన్ నొక్కినా జింక్ సల్ఫేటే: టికింటర్‌తో ఎనిమిదేళ్లు

నరసరావుపేటలో మా బాబాయికి ఎరువుల కొట్టుంది. 2017లో ఆయన బిల్లుల కోసం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. విండోలు, బటన్లు, పట్టికలు అన్నీ టికింటర్‌తోనే (తెరమీద ఇవన్నీ గీసిపెట్టే పైథాన్ లైబ్రరీ అది). విండోస్‌లో పైథాన్ వేసుకుంటే అదీ కూడా వచ్చేస్తుంది, పైసా ఖర్చు లేదు. అప్పట్లో అంతకు మించి ఆలోచించలేదు. ఆ ప్రోగ్రాం ఇప్పటికీ నడుస్తోంది. ఈలోగా బాబాయి నుంచి ఎన్ని ఫోన్లు వచ్చాయో లెక్కలేదు. టికింటర్‌తో నాకున్న గొడవల్లా ఒక్కటే: తప్పు జరిగినా నోరు విప్పదు.

మొదటి వారంలోనే ఆ సంగతి తెలిసొచ్చింది. యూరియా, డీఏపీ, పొటాష్ ఇలా పది సరుకులకు పది బటన్లు ఫర్ లూప్‌లో (ఒకే పనిని వరసగా తిప్పి చేసే కోడ్) పెట్టి, ఒక్కోదానికి ఒక లాంబ్డా (పేరులేని చిన్న ఫంక్షన్, అంటే ఒక పని చేసే కోడ్ ముక్క) తగిలించాను. మర్నాడు బాబాయి ఫోన్. "ఒరేయ్, యూరియా నొక్కితే జింక్ సల్ఫేట్ పడుతోందిరా!" డీఏపీ నొక్కినా అదేనట. లిస్టులో ఆఖరి సరుకు అది. లాంబ్డా సరుకు పేరును పుట్టినప్పుడు పట్టుకోదు, బటన్ నొక్కినప్పుడు వెతుక్కుంటుంది. అప్పటికి లూప్ అయిపోయి ఆఖరి పేరే మిగిలి ఉంటుంది. లాంబ్డాకి "సరుకు=సరుకు" అని డిఫాల్ట్ విలువ ఇస్తే సరిపోయింది. నిజానికిది పైథాన్ తీరు, టికింటర్‌ని తిట్టి లాభం లేదు.

సేవ్ బటన్ కథ ఇంకోటి. నొక్కితే ఏం నడవాలో బటన్‌కి చెప్పే చోటును కమాండ్ అంటారు, దానికి ఫంక్షన్ పేరు మాత్రమే ఇవ్వాలి. నేను అలవాటుకొద్దీ పక్కన బ్రాకెట్లు కూడా పెట్టేశాను, అలా పెడితే ఫంక్షన్ అక్కడికక్కడే నడిచిపోతుంది. దాంతో ప్రోగ్రాం తెరవగానే ఖాళీ బిల్లు ఒకటి సేవ్ అయిపోయేది, ఆ తర్వాత బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఎర్రర్ కూడా రాదు. రోజూ పొద్దున్నే సున్నా రూపాయల బిల్లొకటి ఫైల్లో చేరేది.

కొట్టు లోగోకి రెండు రోజులు పట్టింది. చోటు కనపడుతోంది, బొమ్మ లేదు. ఫైల్ పాత్‌ని అనుమానించాను, పీఎన్‌జీని అనుమానించాను. అసలు సంగతేమిటంటే, ఫోటోఇమేజ్‌ని (టికింటర్‌లో బొమ్మను పట్టుకునే వస్తువు) ఒక ఫంక్షన్ లోపల తయారుచేశాను. ఫంక్షన్ పూర్తవగానే ఆ వేరియబుల్ పోతుంది, పైథాన్ చెత్త ఊడుస్తూ బొమ్మనీ ఊడ్చేస్తుంది. బొమ్మను చూపించే లేబుల్‌కి దాని పేరు తెలుసు గానీ దాన్ని పట్టుకుని ఉండదు. బొమ్మను లేబుల్‌కే ఒక యాట్రిబ్యూట్‌గా తగిలించి ఉంచితే కనపడింది.

వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ నా తెలివితేటల వల్లే తగిలింది. కొట్లో ఆ నల్ల కన్సోల్ విండో బాగోదని ఫైల్‌ని పీవైడబ్ల్యూగా (కన్సోల్ లేకుండా నడిచే పైథాన్ ఫైల్) మార్చి ఇచ్చాను. బటన్ వెనకున్న ఫంక్షన్లో ఎర్రర్ వస్తే టికింటర్ ఆగదు, ట్రేస్‌బ్యాక్‌ని (ఎర్రర్ ఎక్కడొచ్చిందో చెప్పే వివరం) కన్సోల్లో రాసేసి తన పని తాను చేసుకుపోతుంది. కన్సోలే లేకపోతే అది గాల్లో కలిసినట్టే. బాబాయి బరువు గడిలో "50 కేజీ" అని కొట్టేవారు. అది ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్య) మారక ఎర్రర్ వచ్చేది. ఆయనకు మాత్రం బటన్ పాడైనట్టే కనపడేది. పదిసార్లు నొక్కి, చివరికి కొత్త మౌస్ కూడా కొన్నారు!

రూట్ విండోకి, అంటే ప్రోగ్రాం అసలు విండోకి, రిపోర్ట్ కాల్‌బ్యాక్ ఎక్సెప్షన్ అని ఒక మెథడ్ (దానికున్న సొంత ఫంక్షన్) ఉంటుంది. దాని స్థానంలో మన ఫంక్షన్ పెట్టుకుంటే ఇలాంటి ప్రతి ఎర్రరూ మన చేతికొస్తుంది. లాగ్ ఫైల్లో రాసి, ఒక మెసేజ్‌బాక్స్ చూపించేలా పెట్టాను. మొత్తం ఆరు లైన్లు. మొదటి రోజే పెట్టాల్సింది, మూడో ఏట పెట్టాను. ఇప్పుడు బాబాయి ఆ బాక్స్‌ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు, నాకు సగం టెన్షన్ తగ్గింది.

నెలాఖరు రిపోర్ట్ నొక్కితే విండో బిగుసుకుపోయి "నాట్ రెస్పాండింగ్" అనేది. నొక్కుళ్లను కనిపెడుతూ విండోని నడిపే మెయిన్‌లూప్ మన ఫంక్షన్ ముగిసేదాకా ఇంకే పనీ చూడదు మరి. లెక్కల్ని వేరే థ్రెడ్‌లోకి (పక్కనే సమాంతరంగా నడిచే పని) తోసి, ఆ థ్రెడ్ నుంచే లేబుల్ మార్చాను. నా లాప్‌టాప్‌లో భేషుగ్గా నడిచి, కొట్లో ఒక్కోసారి స్తంభించేది. ఇప్పుడు థ్రెడ్ ఫలితాన్ని క్యూలో వేస్తుంది, మెయిన్ థ్రెడ్ ఆఫ్టర్ అనే టికింటర్ టైమర్‌తో 100 మిల్లీసెకన్లకోసారి క్యూ చూసి స్క్రీన్ మారుస్తుంది. ఆ తర్వాత మళ్లీ ఆగలేదు.

2019లో పైథాన్ అప్‌డేట్ చేశాక బాకీ ఉన్న రైతుల వరసలకు ఎర్రరంగు పోయింది. రోజంతా నా కోడ్‌నే కెలికాను. తీరా చూస్తే టీకే (టికింటర్ వెనకుండి విండోలు గీసేది) 8.6.9లో పట్టికలు చూపే ట్రీవ్యూకున్న లోపమది. మీ దగ్గర ఏ వెర్షన్ ఉందో తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్‌ని హైఫన్ ఎమ్‌తో టికింటర్ పేరిచ్చి నడపండి, చిన్న విండో వచ్చి చెబుతుంది. బటన్లూ గడులూ ఎక్కడుండాలో సర్దే రెండు పద్ధతులు ప్యాక్‌నీ గ్రిడ్‌నీ ఒకే ఫ్రేమ్‌లో కలిపితే మాత్రం వెంటనే ఎర్రర్ ఇస్తుంది. ఇదొక్కటే నోరున్న తప్పు.

తెలుగు సంగతికొస్తే, విండోస్‌లో రైతుల పేర్లు చక్కగా వచ్చాయి. నా ఉబుంటు లైనక్స్‌లో (అక్కడ టికింటర్ ప్యాకేజీ విడిగా వేసుకోవాలి) మాత్రం "లక్ష్మి"లో వత్తులు కిందికి దిగకుండా అక్షరాలన్నీ పొల్లులతో పక్కపక్కనే నిలబడ్డాయి. ఫాంట్లు ఎన్ని మార్చినా ఫలితం లేదు. అక్షరాలను కలిపి గీసే పని అక్కడ టీకే చేయడం లేదు. చివరికి బిల్లును హెచ్‌టీఎంఎల్‌గా రాసి బ్రౌజర్‌లో తెరిపిస్తున్నాను.

ఒక కొట్టుకో, ఒక ఆఫీసు గదికో చిన్న ప్రోగ్రాం కావాలంటే నేనిప్పటికీ దీన్నే వాడతాను. లైనక్స్‌లో తెలుగు చూపించాలంటే వాడను. బాబాయి ఈమధ్య ఫోన్‌లో కూడా బిల్లు కొట్టాలంటున్నారు. దానికి టికింటర్ జోలికి పోను, ఇంకోదాంట్లో మొదటినుంచీ రాయాల్సిందే. సంక్రాంతి దాకా గడువు అడిగాను.